ఉతికి ఆరేసిన బూజు

“ఒరేయ్ గవర్రాజూ! చేతులు దించకురా! నువ్వు చేతులు దించావంటే మనింట్లో టైము ఆగిపోతుంది!”

ఈ కేక మా రేవుపేట వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వినబడింది. రేపు ఉగాది అనగా జరిగిన సంగతి ఇది. ఎదురింటి అచ్చియ్యమ్మ అరుగుమీద కూర్చుని ఇత్తడి బిందెలు తోముకుంటోంది. చేతికి అంటుకున్న చింతపండు గుజ్జు కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. ఇంకేముంది, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

గోడగడియారం ఉండాల్సిన చోట ఎత్తుపీట వేసుకుని గవర్రాజు నిలబడ్డాడు. ఒక చెయ్యి ఇటు చాపాడు, ఒక చెయ్యి అటు చాపాడు. ఉట్టి ఉండాల్సిన చోట దూలానికున్న కొక్కెం పట్టుకుని వాడి తమ్ముడు బుల్లియ్య వేలాడుతున్నాడు. కింద పిల్లి కూర్చుని, వీడిలో పెరుగుందా పాలున్నాయా అన్నట్టు పైకి చూస్తోంది. అసలు గడియారం, అసలు ఉట్టి, నిలువుటద్దం వీధిలో ఉన్నాయి. వీళ్ళిద్దరికీ అన్న తాతబ్బాయి నడుమ్మీద చేతులేసుకుని, పెళ్ళిపందిరి వేయించిన పెద్దమనిషిలా అన్నీ చూసుకుంటున్నాడు.

“ఇదేం పనయ్యా తాతబ్బాయీ?” అంది అచ్చియ్యమ్మ.

“పండక్కి ఇల్లు దులుపుతున్నాం వదినా. తెలివిగా దులుపుతున్నాం” అన్నాడు తాతబ్బాయి.

తెలివి అంటే ఆ ఇంటి తెలివే. వాళ్ళు అలాగే అనుకునేవారు మరి. “మా ఇంట్లో దీపం ఆరిపోతే ఎక్కడుందో వెతుక్కోడానికి, పక్కన ఇంకో దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుందండీ. అంత ముందుచూపు” అని తాతబ్బాయి నలుగురిలో చెప్పుకునేవాడు. అతని పెళ్ళాం మంగతాయి ఇంకో మెట్టు ఎక్కువ. వానొచ్చినప్పుడు బావిమీద మూత పెట్టేది, నీళ్ళు తడిసిపోతాయని.

ఇంత తెలివిగల ఇంట్లో ఒక్కటే దిగులు. వాళ్ళకో అక్క ఉంది, నూకరత్నం. తల్లిపోతే ఈ ముగ్గురు తమ్ముళ్ళనీ పెంచింది ఆవిడే. గోదావరి అవతల లంకలో కాపురం. పోయినేడు ఉగాదికి వచ్చి భోజనానికి కూర్చుంటే, దూలం మీంచి ఇంత బూజు ఊడి సరిగ్గా పప్పులో పడింది. ఆవిడ విస్తరి మడిచి లేచింది. “ఈ ఇల్లు శుభ్రపడేదాకా ఈ ఇంట్లో ముద్ద ముట్టను” అని వెళ్ళిపోయింది. ఆనాటి నుంచీ తాతబ్బాయికి అన్నం సయించడం లేదు. పెంచిన చెయ్యి అలిగి పోయిందని, విస్తరి ముందు కూర్చున్నప్పుడల్లా కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు.

మళ్ళీ ఉగాది దగ్గరపడింది. పడవమీద లంక నుంచి పాలు తెచ్చే సూరన్న ఆవేళ పొద్దున్నే అక్క కబురు పట్టుకొచ్చాడు.

“రేపు మధ్యాహ్నానికి వస్తాదంట. ఇంట్లో ఉన్నవన్నీ బయట పెట్టాలంట. మూలమూలా దులపాలంట. తీసిన ప్రతిదీ తీసిన చోటే మళ్ళీ పెట్టాలంట. అంగుళం తేడా వచ్చినా ఎక్కిన పడవే ఎక్కి పోతానంది. ఇంక ఈ జన్మలో రానంది” అన్నాడు సూరన్న.

తాతబ్బాయి, “తీసిన చోటే పెట్టాలంటే, తీసిన చోటు గుర్తుండాలి కదా! గుర్తు తప్పితే అక్క పోతుంది కదా!” అని తలపట్టుకున్నాడు. అలా పట్టుకున్న తలలోంచే ఆలోచన ఊడిపడింది. ఒక వస్తువు తీయగానే, ఆ చోటు పోకుండా ఒక మనిషిని నిలబెట్టాలి. అంతే! గడియారం తీశారు, గవర్రాజుని నిలబెట్టారు. ఉట్టి తీశారు, బుల్లియ్యని వేలాడదీశారు. నిలువుటద్దం తీశారు, పాలు పోసి పోదామనుకున్న సూరన్నని అక్కడ నిలబెట్టారు.

అప్పుడే గవర్రాజు చేతులు పీకుతున్నాయని దించబోయాడు. ఆ కేక అదీ.

“అన్నా, ఇప్పుడు టైమెంతయింది? చేతులు ఎక్కడ పెట్టను?” అన్నాడు గవర్రాజు.

“గడియారం నువ్వు. నన్నడుగుతావేంట్రా?” అన్నాడు తాతబ్బాయి.

నిజమే కదా అనుకుని గవర్రాజు తనకి ఆకలేస్తున్న లెక్కన చేతులు రెండూ పైకెత్తి పన్నెండు చేసేశాడు. అంతే, “టంగ్... టంగ్...” అని నోటితో కొట్టడం మొదలెట్టాడు. ఎక్కడ ఆపాలో తెలియక చాలాసేపు కొట్టాడు.

అచ్చియ్యమ్మకి నవ్వాపుకోవడం కష్టమైంది. నవ్వుతూ లోపలికి అడుగుపెట్టింది. అదే ఆవిడ చేసిన పొరపాటు. తాతబ్బాయి ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు.

“వదినా, సమయానికొచ్చావు. భోషాణం తీయాలి. దాని చోట్లో కూర్చునే మనిషి దొరక్క ఆగిపోయాం. నువ్వయితే సరిపోతావు.”

“ఓరి నీ నోరు పడిపోనూ! నేను భోషాణమంత ఉన్నానా?”

“అబ్బే, అంత లేదు వదినా. కొంచెం ఎక్కువే ఉన్నావు. అయినా సర్దుకుంటాం.”

వాళ్ళ అక్క అలక సంగతి వీధంతటికీ తెలుసు. తాతబ్బాయి మొహం చూసి అచ్చియ్యమ్మకి జాలేసింది. తిట్టుకుంటూనే భోషాణం చోట్లో చతికిలబడింది. తమాషా చూద్దామని వచ్చిన వీధివాళ్ళు కూడా ఒక్కొక్కరూ ఒక్కో సామానుగా చిక్కుకుపోయారు. ఒకాయన నులకమంచంలా పడుకున్నాడు. ఒకావిడ ఆవకాయ జాడీలా మూతి బిగించుకుని కూర్చుంది.

ఇంతలో మంగతాయి వీధిలోంచి చెమటలు కక్కుకుంటూ వచ్చింది. బొట్టు చెరిగిపోయిందేమో చూసుకుందామని, అలవాటు ప్రకారం అద్దం దగ్గరికి వెళ్ళింది. అక్కడ సూరన్న నిలబడి ఉన్నాడు. సూరన్న నిజాయితీగల మనిషి. అద్దంగా ఉండమన్నాక అద్దంగానే ఉన్నాడు. ఆవిడ చెయ్యెత్తితే చెయ్యెత్తాడు, తల వంచితే తల వంచాడు. ఇంకేముంది!

“ఏవండోయ్! నాకు మీసాలొచ్చేశాయండీ! తలపాగా కూడా వచ్చేసిందండీ!” అని మంగతాయి గొల్లుమంది. సూరన్న కూడా, చప్పుడు లేకుండా, గొల్లుమన్నాడు.

తాతబ్బాయి పరుగెత్తుకొచ్చి చూశాడు. “కంగారు పడకే. అది మీసం కాదు, బూజు అయ్యుంటుంది. దులిపితే పోతుంది” అని బూజుకర్ర పుచ్చుకుని మంగతాయి మూతి టపటపా దులిపాడు. దులిపి, “ఇప్పుడు చూసుకో” అన్నాడు.

ఆవిడ చూసుకుంది. “ఉన్నాయండీ! ఇంకా ఉన్నాయి!”

“మరి అద్దం మాసిందేమో” అని సూరన్న మూతి కూడా దులిపాడు. సూరన్న తుమ్మాడు. అద్దం తుమ్మింది కదా అని మంగతాయి కూడా తుమ్మింది. చివరికి ఏడుపు దిగమింగుకుని, బొట్టయినా సరిచేసుకుందామని, అద్దంలో కనబడుతున్న నుదుటిమీద చక్కగా కుంకం దిద్దింది. సూరన్నకి బాగా నప్పింది.

అప్పటికి సామానంతా వీధిలో ఉంది, వీధంతా ఇంట్లో ఉంది. తాతబ్బాయి చీపురు పట్టుకున్నాడు. ఒక్క ఊడ్పు ఊడ్చేసరికి నులకమంచం పెద్దాయన కాళ్ళు తగిలాయి. ఇంకో ఊడ్పుకి ఆవకాయ జాడీ కయ్యిమంది.

“ఇంతమంది ఉండగా ఎలా ఊడుస్తావయ్యా? ముందు మనుషుల్ని బయటికి పంపు!” అంది అచ్చియ్యమ్మ, భోషాణం చోట్లోంచి.

“పంపితే మీ చోట్లు ఎవరు కాస్తారు వదినా?” అన్నాడు తాతబ్బాయి. మళ్ళీ ఆలోచించాడు. మొహం వెలిగిపోయింది. “ఆ! సామాను కాస్తుంది!”

అంతే! వీధిలోంచి భోషాణం మోసుకొచ్చారు. అచ్చియ్యమ్మ చోటు పోకుండా అక్కడ పెట్టి, ఆవిణ్ణి బయటికి పంపారు. గడియారం తగిలించి గవర్రాజుని దింపారు. ఉట్టి కట్టి బుల్లియ్యని ఊడదీశారు. మనుషులంతా వీధిలోకి, సామానంతా ఇంట్లోకి.

“చూశారా, ఒక్క మనిషి లేడు! ఇప్పుడు ఊడుస్తాను” అని తాతబ్బాయి చీపురు విసిరాడు. వెళ్ళి భోషాణానికి తగిలింది. “ఓహో, సామాను అడ్డొస్తోంది. బయట పెట్టాలి. మరి చోట్లు కాయడానికి... రండి, రండి, అందరూ లోపలికి రండి!”

ఇంకేముంది, మళ్ళీ సామాను వీధిలోకి, మళ్ళీ మనుషులు ఇంట్లోకి. అచ్చియ్యమ్మకి నవ్వు ఎప్పుడో పోయింది. “ఓరి నాయనోయ్, నా బిందెలు ఎండలో నల్లబడిపోతున్నాయి, నన్ను వదిలెయ్యండ్రా” అని మొత్తుకుంది.

అప్పుడు మంగతాయి అడ్డుపడింది. “ఎందుకండీ ఈ మోతలు? ముందు సున్నం వేసెయ్యండి. గోడకి వేసే సున్నానికి మనుషులు అడ్డమొస్తారా?”

ఈ మాట తాతబ్బాయికి బాగా నచ్చింది. తొట్టినిండా సున్నం కలిపి కుంచె ముంచాడు. ఈ చివర మొదలెట్టి ఆ చివరిదాకా లాగించేశాడు. దారిలో గవర్రాజు వచ్చాడు, వాడిమీంచి వేశాడు. సూరన్న వచ్చాడు, సూరన్నమీంచి వేశాడు. అచ్చియ్యమ్మ “నా మీద పడిందంటే చూడు!” అంటూ ఉండగానే సగం తెల్లబడిపోయింది. ఆవిడింక ఆగలేదు. లేచి, సున్నం కారుతున్న చీరతో వీధిలోకి ఒక్కటే పరుగు. ఆవిడ వెనకాల మంచం, జాడీ, అద్దం, అన్నీ లేచి పరుగు.

“అయ్యో అయ్యో, చోట్లు పోయాయి! అక్క పోతుంది!” అని తాతబ్బాయి గుండెలు బాదుకున్నాడు. బాదుకుంటూ గోడవైపు చూసి ఆగిపోయాడు.

గోడంతా తెల్లగా మెరిసిపోతోంది. మనుషులు నిలబడ్డ చోట మాత్రం పాత మట్టిరంగులో మనిషి ఆకారాలు మిగిలిపోయాయి. రెండు చేతులూ పైకెత్తి పన్నెండు కొడుతున్న గవర్రాజు. తలపాగాతో సూరన్న. గోడవారగా గుండ్రంగా, వెడల్పుగా అచ్చియ్యమ్మ. ఎవరెక్కడున్నారో వెంట్రుకవాసి తేడా లేకుండా గోడే చెబుతోంది!

“చూశారుట్రా నా తెలివి! గోడ కూడా మనకోసం గుర్తుపెట్టుకుంది!” అని తాతబ్బాయి గంతేశాడు.

ఇల్లు ఖాళీ. చోట్లు భద్రం. ఇంకేం కావాలి? అన్నదమ్ములు ముగ్గురూ నడుం బిగించారు. దూలాలమీది బూజు దులిపారు. అటకమీది దుమ్ము దించారు. నేల ఊడ్చి, కడిగి, తుడిచారు. మంగతాయి గడపలకి పసుపు రాసి ముగ్గేసింది. నిజం చెప్పాలి కదా, ఆ ఇల్లు కట్టిన నాటినుంచీ అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. సున్నం కడుక్కుని చీర మార్చుకుని, నాలుగు చీవాట్లు పెడదామని వచ్చిన అచ్చియ్యమ్మ కూడా గుమ్మంలో ఆగి ముక్కుమీద వేలేసుకుంది.

“ఆ గోడమీది బొమ్మల సంగతి ఎలా ఉన్నా, ఇల్లు మాత్రం అద్దంలా ఉందయ్యా. రేపు మీ అక్క కడుపునిండా తింటుంది. ఇంక దేన్నీ ముట్టుకోకుండా సామాను సర్దుకుని పడుకోండి” అని చెప్పి వెళ్ళిపోయింది.

గవర్రాజు బొమ్మ మీద గడియారం తగిలించారు. అచ్చియ్యమ్మ బొమ్మ ముందు భోషాణం పెట్టారు. అన్నీ అయ్యాయి. అప్పుడు బుల్లియ్య పెరట్లోంచి కేకేశాడు.

“అన్నా, ఇవి మిగిలిపోయాయి!”

వెళ్ళి చూస్తే గంపెడు బూజు, గోనెడు దుమ్ము.

“ఇవి పారేసేవి కదండీ?” అంది మంగతాయి.

తాతబ్బాయి గంపకి అడ్డంగా నిలబడ్డాడు. “పారేస్తావా? ఇవి ఎక్కణ్ణుంచి తీశాం?”

“ఇంట్లోంచి.”

“తీసిన ప్రతిదీ తీసిన చోటే పెట్టమని కదా అక్క చెప్పింది! కొంపమునిగేదే! ఎంత పని జరిగిపోయేదే! కిందటేడు ఆ బూజు చోటు తప్పి పప్పులో పడ్డందుకే కదా అక్క లేచిపోయింది!”

అందరూ ఆ గంపనీ గోనెనీ గబగబా ఇంట్లోకి ఎత్తబోయారు. కానీ గవర్రాజుకి ఒక అనుమానం. “అన్నా, మురికిది మళ్ళీ పెడితే ఇల్లు మురికవదూ?”

“ఉతికి పెడదాం” అన్నాడు తాతబ్బాయి.

అంతే! కుంకుడుకాయలు కొట్టారు. నురగ తీసి బూజంతా మెత్తగా ఉతికారు. పోగు పోగూ విడదీసి దండెంమీద ఆరేశారు. దుమ్ముని తొట్టిలో పోసి, నీళ్ళు మార్చి మార్చి కడిగారు. అది బురదైంది. దాన్ని పొయ్యి పక్కన చాపమీద పరిచి రాత్రంతా ఆరబెట్టారు. గట్టిపడితే రోట్లో వేసి దంచారు. తెల్లారాక జల్లెడ పట్టి, పిండి వంటకి పట్టినంత శ్రద్ధగా, అటకమీద అటక దుమ్ము, గూట్లో గూటి దుమ్ము చల్లారు. బూజుని గంజితో దూలాలకి అతికించారు. “ఇంకొంచెం ఎడంకి... ఆ, అక్కడ వేలాడేది... ఆ మూల సాలీడు కూర్చునేది, దానిక్కాస్త చోటు వదులు” అని తాతబ్బాయి కిందనుంచి చెబుతూ ఉన్నాడు.

మధ్యాహ్నం అయింది. రేవులో పడవ ఆగింది. “పడవ కట్టెయ్యకు, ఉండు. వచ్చేస్తానేమో చెప్పలేను” అని పడవవాడితో అంటూ నూకరత్నం దిగింది. గుమ్మంలోకి వచ్చింది. వీధివాళ్ళంతా వెనకాల మూగారు. అచ్చియ్యమ్మ అందరికన్నా ముందు నిలబడి, ఇంట్లోకి తొంగిచూసి, “అయ్యో నా మతి మండా!” అని నెత్తి కొట్టుకుంది. నిన్న అద్దంలా ఉన్న ఇల్లు ఇవాళ మొన్నటి కన్నా మొన్నలా ఉంది.

నూకరత్నం పైకి చూసింది. బూజు వేలాడుతోంది. గూట్లో వేలుపెట్టి గీసింది. వేలుకి దుమ్ము అంటింది.

“ఇదేంట్రా?” అంది అక్క.

“దుమ్మక్కా.”

“దులపమన్నాను కదరా?”

“దులిపామక్కా! దులిపి, కడిగి, ఆరబెట్టి, జల్లించి, తీసిన చోటే పెట్టాం. బూజు కుంకుడుకాయతో ఉతికాం. కావాలంటే వాసన చూడు.”

నూకరత్నం వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక పోగు బూజు లాగి వాసన చూసింది. కుంకుడుకాయ వాసన గుప్పుమంది. గోడమీది బొమ్మల్ని చూసింది. పడవవైపు చూసింది. తాతబ్బాయి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

“ఇన్నిళ్ళు చూశాను” అంది నూకరత్నం చివరికి. “అందరూ ఇల్లు కడుగుతారు గానీ దుమ్ము కడిగినవాడు ఒక్కడు లేడు. మురికి దుమ్ముంటే ఇల్లు మురికి. శుభ్రమైన దుమ్ముంటే ఇల్లు శుభ్రమే కదరా! ఎవరక్కడ? పడవవాణ్ణి పొమ్మనండి. నేను అన్నం తినే వెళతాను.”

మరి ఆ తమ్ముళ్ళని పెంచింది ఆవిడే కదండీ!

ఇంకేముంది, విస్తళ్ళు పడ్డాయి. ఉగాది పచ్చడి, పులిహోర, పప్పు, బొబ్బట్లు. సామానుగా పనిచేసిన వీధివాళ్ళందరినీ కూర్చోబెట్టారు. అచ్చియ్యమ్మని అక్క పక్కనే కూర్చోబెట్టారు. నెయ్యి వడ్డన అయింది. తాతబ్బాయి పులిహోర ముద్ద ఎత్తాడు. నోటిదాకా తెచ్చాడు. ఆగాడు. మళ్ళీ విస్తట్లో పెట్టేశాడు. గవర్రాజూ ఎత్తి పెట్టేశాడు. బుల్లియ్యా, మంగతాయీ అంతే.

“తినరేంట్రా?” అంది అక్క.

“విస్తట్లోంచి తీశాం కదక్కా. తీసిన ప్రతిదీ...” అని తాతబ్బాయి ఆకలిగా చూశాడు.

నూకరత్నం ఆలోచనలో పడింది. “అవునురా, చెప్పాను. కానీ అది మీకు చెప్పాను గానీ నాకు చెప్పుకోలేదు కదా! నేను తీయొచ్చు” అంది. అని ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని మింగింది. తమ్ముడింట్లో అక్క ముద్ద మింగింది! తాతబ్బాయి ఆ గొంతువైపే చూస్తూ వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ తరవాత ఆవిడ ఇంకో ముద్ద కలిపి తాతబ్బాయి నోట్లో పెట్టింది. గవర్రాజుకి పెట్టింది. బుల్లియ్యకి, మంగతాయికి, సూరన్నకి, వరసలో అందరికీ పెట్టుకుంటూ వచ్చి, అచ్చియ్యమ్మ నోట్లోనూ ఒకటి పెట్టింది. వెనక్కి తిరిగి చూస్తే తాతబ్బాయి బుగ్గ బంతిలా ఉబ్బి ఉంది. నమలడం లేదు, మింగడం లేదు.

“ఏరా, మింగవేం?”

“నువ్వు పెట్టిన చోటే ఉంచానక్కా” అన్నాడు తాతబ్బాయి ముద్దగా, కళ్ళనిండా నీళ్ళతో. “అంగుళం కూడా కదపలేదు.”

అక్క మురిసిపోయింది. వరసంతా అందరూ బుగ్గలు ఉబ్బించుకుని, కదలకుండా కూర్చున్నారు. అచ్చియ్యమ్మ ఒక్కతే గబగబా నమిలి మింగేసింది.

అందరూ ఆవిడవైపు జాలిగా చూశారు. పాపం, అంత మనిషి, పెట్టిన చోట ఒక్క ముద్ద నిలుపుకోలేకపోయింది.